పట్టుగూటి పసుపు, ద్రాక్షపండు నీలము, మేనిచాయ

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో గ్రామాంతరములు తిరుగువానికి కన్నులకు తోచునది రంగుల సమృద్ధి. నందికొండ పాదమున పందిళ్ల నుండి వ్రేలాడు నీలద్రాక్ష గుత్తులు, చింతామణి మార్కెట్టు ఆవరణమున పెట్టెలకు పెట్టెలుగా దిగు టమాటాల యెరుపు, శిడ్లఘట్ట విపణిలో రాసులు పోసిన పట్టుగూళ్ల పసుపు, బాగేపల్లి మెట్టభూములలో వేరుశనగ కోసిన చేల వెంబడి మేయు నల్లగొర్రెల మందలు, వీనియన్నింటి నడుమ నల్లనివారును, చామనచాయవారును, పచ్చని మేనివారును కలసి పనిపాటలు చేసికొను పల్లెలు. 2007లో కోలారు జిల్లా నుండి వేరుపడి ప్రత్యేకమైన జిల్లాగా నేర్పడిన యీ సీమలో తెలుగు కన్నడములు రెండును ఇంటిభాషలే. ఇచ్చటి జీవరాశుల రంగులు ఏ పదార్థముల వలన కలుగుచున్నవి, ఆ పదార్థములు దేహములోనికి ఎట్లు వచ్చినవి, తల్లిదండ్రుల నుండి సంతానమునకు ఏ క్రమమున సంక్రమించుచున్నవి అను ప్రశ్న సామాన్యమైనదిగా కనబడినను, రసాయన శాస్త్రజ్ఞులును, జన్యు శాస్త్రజ్ఞులును శతాబ్దమునకు పైగా శ్రమించిన మీదటగాని దానికి తగిన సమాధానము లభింపలేదు.

రంగునకు జన్యువే కారణమని వినినంతనే మనము జన్యువనగా రంగును తయారుచేయునదియే యని తలంచుచుందుము. పరికించి చూచితిమేని పెక్కు తావులందు జన్యువు రంగును పుట్టించుట కంటె, ఉన్న రంగునకు దారి విడుచుటయో, దారి మూయుటయో, ఎంత చేరవలెనో కొలత నిర్ణయించుటయో చేయుచున్నదని తేటపడును. నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే. దీనికి ఈ సీమలోనే దొరకు నిదర్శనములకంటె చక్కని నిదర్శనములు వేరొక చోట వెదకనక్కరలేదు.

పట్టుగూటితో ప్రారంభింతము. కర్ణాటకమున రామనగరము తరువాత పట్టుగూళ్ల విపణులలో పేరెన్నికగన్నది శిడ్లఘట్ట. చుట్టుపట్ల రైతులు మల్బరీ తోటలు పెంచి, పురుగులను మేపి, పండిన పురుగులను చంద్రికలనెడి తట్టలపై వేసి గూళ్లు కట్టించి, ఆ గూళ్లను అచ్చటికే తెచ్చుచుందురు. అచట రెండు విధములైన గూళ్లు వేరువేరుగా కానవచ్చును. ఒకటి స్వచ్ఛమైన తెలుపు గల బైవోల్టీను గూడు, అనగా ఏటికి రెండు తరములు పుట్టు జాతి గూడు. రెండవది లేతపసుపు వన్నె గల సి.బి. గూడు, అనగా మైసూరు దేశవాళీ జాతిని తెల్లగూటి జాతితో సంకరము చేయగా కలిగినది. రెండు జాతుల పురుగులును తినునది మల్బరీ యాకే. ఒకే తోటలోని యాకు వేసినను ఒకటి తెల్లగూడే కట్టును, రెండవది పసుపుగూడే కట్టును. ఆహారమొక్కటియే యైనపుడు ఈ భేదము ఎచటి నుండి వచ్చినది?

మల్బరీ యాకులో మన కన్నులకు గోచరించునది పత్రహరితము. కాని దాని చాటున లూటీన్, బీటా కెరోటిన్ మొదలగు కెరోటినాయిడ్ వర్గపు పసుపు ద్రవ్యములును గలవు. ఆకు ముదిరి పండునపుడు పత్రహరితము విచ్ఛిన్నమైపోగా అంతదనుక మరుగుపడియున్న యీ పసుపు బయల్పడును. పురుగు ఆకును మేసినపుడు ఈ ద్రవ్యములు దాని ప్రేవులలోనికి చేరును. అచ్చట ప్రేవుగోడలోని కణములయందు కెరోటినాయిడ్లను పట్టుకొని లోనికి గొనిపోవు ఒక మాంసకృత్తు ఉన్నయెడల అవి పురుగు నెత్తురులో కలియును. నెత్తురు పసుపు వన్నె దాల్చును. పురుగు పొట్టక్రింది కాళ్లు సయితము పచ్చబారును. ఆ మాంసకృత్తు లోపించినయెడల పసుపు ద్రవ్యము పెంటికలతో బాటు వెలికి పోవును. ఇది మొదటి వాకిలి. నెత్తురులో చేరిన పసుపు పట్టుగ్రంథిలోనికి పోవుటకు మరియొక మాంసకృత్తు కావలెను. ఇది రెండవ వాకిలి. ఈ రెండును తెరచియున్న పురుగే పసుపుగూడు కట్టును. ఏ యొక్కటి మూసియున్నను గూడు తెల్లనిదే యగును. జపాను శాస్త్రజ్ఞులు 2007లో మొదటి వాకిలికిని, 2010లో రెండవ వాకిలికిని కారణభూతములైన జన్యువులను గుర్తించి యీ రహస్యమును విప్పిరి. ఈ రెండు జన్యువులలో ఏదియు పసుపును తయారుచేయుట లేదు. పసుపు ఆకునందు పుట్టినది, పురుగు దానిని రవాణా మాత్రము చేయుచున్నది. ఆకుపచ్చని డాలు గల గూళ్లు కట్టు జాతులందు ఫ్లావనాయిడ్లు అను వేరొక వర్గపు ద్రవ్యములు చేరునుగాని, అచ్చటను మూలము ఆకే.

మైసూరు జాతిని తెల్లగూటి జాతితో సంకరము చేసినపుడు పుట్టిన పురుగులన్నియు పసుపుగూళ్లే కట్టుటకు కారణము సుగమమే. పసుపు జాతి వలన సంక్రమించిన జన్యువు ఒక్కటి యున్నను చాలును, వాకిలి తెరచుకొనును. పట్టుపురుగునందు ఈ యానువంశిక నియమమును మొట్టమొదట ప్రయోగపూర్వకముగా నిరూపించినవాడు జపాను దేశీయుడైన తొయామా కమెతారో. ఆయన సయాము దేశమున పట్టుపరిశ్రమ నభివృద్ధి చేయుటకై పోయి, అచ్చటి పసుపుగూటి జాతులను జపాను తెల్లగూటి జాతులతో సంకరము చేసి, మెండెలు మహాశయుడు బఠానీ మొక్కలయందు కనుగొన్న నియమములే పట్టుపురుగునకును వర్తించునని 1906లో ప్రకటించెను. జంతుజాతియందు మెండెలు నియమము నిలుచుటను చూపిన తొలి పరిశోధనలలో ఇది యొకటి. తెలుపు అధిగమించి పసుపు అణగియుండు జాతులును గలవు. వానియందు పసుపును అడ్డగించు వేరొక జన్యువు పనిచేయును. కాని శిడ్లఘట్ట విపణిలో కానవచ్చు పసుపురాసి ప్రతిదినమును తొయామా నిరూపించిన నియమమునకు సాక్ష్యమిచ్చుచున్నదనుట అతిశయోక్తి కాదు.

తెల్లగూళ్లకు సాధారణముగా పసుపుగూళ్లకంటె ధర హెచ్చు. అది తెలుపునకు లభించిన వెల కాదు; బైవోల్టీను గూటి పోగు పొడవుగా, తెగక, నిడివియంతటను సమముగా వచ్చుటచే లభించిన వెల. పసుపు పట్టుపోగునందు కడవరకు నిలుచునదియు కాదు. పట్టుపోగునకు లోపల ఫైబ్రాయిన్, దానిపై జిగురువంటి సెరిసిన్ అను రెండు భాగములు గలవు. పసుపు ద్రవ్యము ముఖ్యముగా ఈ జిగురునందే చేరియుండును. సబ్బు, సోడా వేసిన నీట పట్టును ఉడికించి జిగురు తీసినపుడు పసుపును దానితోడనే పోవును. మనము కట్టు పట్టుచీరలోని పసుపు అద్దకపువాని తొట్టి నుండి వచ్చినదేగాని పురుగు దేహము నుండి వచ్చినది కాదు.

ఇట్టి యెరవు రంగు పట్టుపురుగునకే పరిమితము గాదు. జంతువులు సామాన్యముగా కెరోటినాయిడ్లను స్వయముగా చేసికొనలేవు. మొక్కల నుండియో, మొక్కలను తిన్న ప్రాణుల నుండియో గ్రహింపవలసినదే. కోడిగ్రుడ్డు పచ్చసొన లోని పసుపు మొక్కజొన్న గింజలోని జియాజాంథిన్, ఆకుకూరలలోని లూటీన్ తప్ప మరియేమియు గాదు. తెల్లజొన్నలు మాత్రమే తిను కోడి పెట్టు గ్రుడ్డు సొన పాలిపోయి యుండుటకును, బంతిపూల పొడి మేతలో కలుపగా సొన ముదురుపసుపు దాల్చుటకును హేతు విదియే. ఆ లూటీనే మన కంటి రెటీనా నడుమనుండు పసుపు మచ్చయందును చేరి తీక్ష్ణమైన నీలకాంతి నుండి దృష్టిని కాపాడుచుండును; దానిని మానవదేహము చేసికొనజాలదు, ఆకుకూర తినవలసినదే. ఈ నియమమునకు ఒక విచిత్రమైన అపవాదము పైరుల నాశ్రయించు పేనుబంక పురుగులయందు కానవచ్చినది. వీనిలో కొన్ని యెర్రనివి, కొన్ని పచ్చనివి. ఇవి ప్రాచీనకాలమున ఏదో శిలీంధ్రము నుండి కెరోటినాయిడ్లను చేయు జన్యువులనే గ్రహించి తమ వంశమున నిలుపుకొన్నవని 2010లో తేలినది.

కోడి విషయమున మన దక్షిణదేశమునకు సంబంధించిన విశేషము మరియొకటి గలదు. మనము పెంచుకొను కోళ్లలో కొన్నిటికి కాళ్లును చర్మమును పసుపుపచ్చగా నుండును. పెంపుడు కోడికి ముఖ్యమైన పూర్వజమగు ఎర్ర అడవికోడికి ఈ పసుపు లేదు. 2008లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు పరిశోధించి, పసుపుకాళ్లకు కారణమైన జన్యురూపము ద్వీపకల్ప భారతమున మాత్రమే నివసించు బూడిదవన్నె అడవికోడి నుండి సంక్రమించినదని నిర్ధారించిరి. ఈ జన్యువు చర్మమునందు కెరోటినాయిడ్లను ఛేదించు ఎంజైమునకు సంబంధించినది. ఎంజైము పనిచేసినచో పసుపు విరిగిపోయి చర్మము తెల్లగా నుండును. పని మందగించినచో పసుపు నిలిచిపోవును. ఇచ్చట జన్యువు దారి విడుచుట గాక విరుగగొట్టుట మానుకొనినది, ఫలితము మాత్రమొక్కటియే. లోకమందలి కోట్లాది కోళ్ల పసుపుకాళ్ల వెనుక మన దక్షిణాపథపు అడవిపక్షి యుండుట నాకు అమితమైన సంతోషమును గలిగించు విషయము.

మొక్కలయందు వ్యవహారము వేరు. అవి తమకు వలయు రంగులను తామే నిర్మించుకొనును. వానిలో పత్రహరితమునకు అగ్రస్థానము. దాని నడుమ మెగ్నీషియము పరమాణువున్నదని స్థాపించిన రిచర్డు విల్‌స్టేటరు 1915లో నోబెలు బహుమానమును పొందెను. మన నెత్తుటి యెరుపునకు కారణమగు హీము నడుమ ఇనుమున్నది. చుట్టునుండు వలయము మాత్రము ఇంచుమించు ఒకే వంశమునకు చెందినది. ఆకుపచ్చయు నెత్తుటి యెరుపును రసాయనదృష్ట్యా ఇంతటి సన్నిహిత బంధువులని తెలిసినపుడు ఎవరికైనను ఆశ్చర్యము కలుగక మానదు. పూవుల రంగుల విషయమున మన తెలుగునాటి కృషి స్మరింపదగినది. తిరువెంగడము రాజేంద్ర శేషాద్రి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున వాల్తేరులో రసాయనశాస్త్రాచార్యులుగా నుండి, 1930వ దశకము మొదలుకొని ప్రత్తిపూవుల నుండియు, ఇతర పుష్పముల నుండియు పసుపు ఫ్లావనాయిడ్లను వేరుచేసి వాని నిర్మాణములను నిర్ణయించిరి. శిష్యబృందముతో ఆయన నిర్మించిన సంప్రదాయము వలన వాల్తేరు వర్ణద్రవ్య పరిశోధనకు ప్రఖ్యాతికెక్కినది.

ఇక ద్రాక్ష. ఈ జిల్లాలో విస్తారముగా పండు బెంగుళూరు బ్లూ ద్రాక్ష భౌగోళిక సూచికను పొందిన రకము. దీని నీలమునకు కారణము ఆంథోసయనిన్లు. ఇవి పండు తొక్కలోనే యుండును, గుజ్జు వివర్ణమే. పచ్చికాయ మెత్తబడి తీపి యెక్కు వేళ తొక్కలోని కణములయందు ఇవి పేరుకొనును. నల్లద్రాక్షతొక్కలను పిసికిన నీటిలో నిమ్మరసము పిండినచో ఎరుపెక్కును, వంటసోడా కలిపినచో నీలముగాను, పిదప పచ్చగాను మారును. ద్రవ్యమొక్కటియే, ఆమ్లక్షారముల ననుసరించి రంగు మారుచున్నది. మరి అదే సీమలో పండు దిల్‌ఖుష్ ద్రాక్షకు ఈ నీలమేల లేదు? ఆంథోసయనిన్లను నిర్మించు యంత్రాంగమంతయు తెల్లద్రాక్షయందును ఉన్నది. దానిని కదలించు ఒక నియంత్రక జన్యువు మాత్రము మూగవోయినది. ఏనాడో ఒక చలనశీలమైన జన్యుఖండము ఆ జన్యువు ముంగిట వచ్చి చొచ్చుకొని దానిని నిరోధించినదని 2004లో జపాను శాస్త్రజ్ఞులు చూపిరి. ఇచ్చటను రంగు లేమికి కారణము రంగు చేయుశక్తి లేమి గాదు.

జన్యువు అనుకూలించినను వేడిమి ప్రతికూలించినచో ద్రాక్షకు రంగు పట్టదు. ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు చేరినపుడు ఆంథోసయనిన్ల నిర్మాణము మందగించుటయేగాక, ఏర్పడినది సయితము క్షయించునని ప్రయోగములు చెప్పుచున్నవి. గుత్తిలో కొన్ని పండ్లు నీలముగాను, కొన్ని ఎర్రగాను, కొన్ని పచ్చగాను నిలిచిపోవుట రైతును కలవరపెట్టు విషయము. టమాటా సంగతియు నిట్టిదే. దాని యెరుపు లైకోపీన్ వలన కలుగును. ఇంచుమించు 30 డిగ్రీలకు మించిన వేడిలో లైకోపీన్ చక్కగా ఏర్పడదు, బీటా కెరోటిన్ మాత్రము ఏర్పడుచుండును. కావున నడివేసవి పండు ఎర్రబడక నారింజవన్నెలో నిలుచును. దళారి అట్టి పెట్టెకు ధర తగ్గించునపుడు నష్టపడునది రైతు; కాని యా లోపము రైతుది గాదు, ఎండది. మరియు మార్కెట్టు కోరు ఏకరీతి యెరుపునకు మనము చెల్లించిన మూల్యమొకటి గలదు. పూర్వపు టమాటాలకు తొడిమ దగ్గర ముదురాకుపచ్చని పట్టీ యుండెడిది. కాయయంతయు ఒకేరీతిగా పండవలెనని వాణిజ్యరకములలో ఆ పట్టీ లేనివానిని ఎన్నుకొనిరి. ఆ పచ్చదనము కాయలోనే చక్కెరను సమకూర్చుటకు తోడ్పడునదనియు, దానిని కోల్పోయిన రకములకు తీపి కొంత తగ్గినదనియు 2012లో వెల్లడియైనది. కంటి కింపైన పండు నాలుకకు చప్పనగుటలో ఇదియు నొక కారణము.

కొండవాలులయందు కంపలు కంపలుగా అలముకొన్న లాంటానా, అనగా తలంబ్రాల చెట్టు, రంగుమార్పునకు కన్నులయెదుటి దృష్టాంతము. పూవు విచ్చినపుడు పసుపు. పరాగసంపర్కము జరిగిన పిదప ఆంథోసయనిన్ చేరి గులాబివన్నెకు మారును. మైసూరు ప్రాంతీయుడైన ప్రసిద్ధ వృక్షశాస్త్రవేత్త హెచ్. వై. మోహన్‌రామ్ తన సహచరితో కూడి 1984లో దీనిని సవిస్తరముగా వివరించెను. పసుపు పూలను కీటకములు వెదకికొని వచ్చును, మారినవానిని విడిచిపోవును. బీట్‌రూటు, ఎర్ర తోటకూర, కాగితపు పూలు, నాగజెముడు పండు, ఇవి మాత్రము ఆంథోసయనిన్లను విడిచి బీటలైన్లు అను వేరొక వర్గమును చేసికొన్నవి. ఈ రెండు వర్గములును ప్రకృతిసిద్ధముగా ఒకే మొక్కలో కూడియుండుట ఇంతవరకు ఎచటను కానరాలేదు. బీట్‌రూటు తిన్న మరునాడు కొందరికి మూత్రము ఎర్రబడును. నెత్తురని భయపడవలసినది లేదు.

వర్ణద్రవ్యము లేకయే రంగు కలుగు తావులును గలవు. విజయదశమి నాడు ఊరి పొలిమేర దాటి చూచివచ్చు పాలపిట్ట కర్ణాటక, తెలంగాణ రాష్ట్రముల రెంటికిని అధికార పక్షి. దాని రెక్కల నీలమును నలిపి చూచినచో నీలిపొడి రాదు. ఈకలోని కెరాటిన్ అతిసూక్ష్మమైన బుడగల నిర్మాణముతో నుండి, తెల్లని వెలుగులో నీలభాగమును ప్రస్ఫుటముగా వెనుకకు పంపును. దాని వెనుకనున్న నల్లని మెలనిన్ మిగిలిన వెలుగును పీల్చివేయుటచే నీలము చిక్కబడును. చంద్రశేఖర వేంకటరామన్ 1934లో ఈ పాలపిట్ట ఈకలనే పరీక్షించి పక్షుల రంగుల పుట్టుకను గూర్చి వ్యాసము ప్రకటించెను. రామచిలుక పచ్చదనము ఇట్టి నిర్మాణజనితమైన నీలమునకు, చిలుకజాతి మాత్రమే చేసికొనగల ఒక పసుపు ద్రవ్యము తోడగుటచే ఏర్పడినది. చిలుకలో పచ్చద్రవ్యము లేనేలేదు. ఊసరవెల్లి సయితము వర్ణద్రవ్యములను కదల్చుటచేతనే గాక, చర్మములోని సూక్ష్మ స్ఫటికముల నడిమి యెడమును మార్చుటచే రంగులు మార్చునని 2015లో తెలియవచ్చినది.

ఇప్పుడు నలుపునకు వత్తము. ఈ సీమలో గొర్రెలకాపరులగు కురుబలు నల్లగొర్రెల ఉన్నిని అద్దకము లేకయే వడికి నేసిన గొంగళి వానకు తడిసినను, ఎండకు ఎండినను నలుపును విడువదు. పట్టుగూటి పసుపు ఉడుకునీటికి పోయినది. గొర్రె నలుపు పోదు. పసుపు పైజిగురునందు చేరినది. నలుపు వెండ్రుక నిర్మాణములోనే, సూక్ష్మకణికల రూపమున, లోలోపల పొదిగియున్నది. అది మెలనిన్. ఇది యెరవు గాదు. దేహము టైరోసిన్ అను అమైనో ఆమ్లము నుండి స్వయముగా చేసికొనునది. ఈ నిర్మాణమునకు టైరోసినేజ్ అను ఎంజైము ముఖ్యము, ఆ యెంజైమునకు రాగి యవసరము. మేతలో రాగి లోపించినచో నల్లగొర్రె ఉన్ని బూడిదవన్నెకు తిరుగును; పిదప రాగి లభించినచో క్రొత్తగా పెరుగు భాగము నల్లబడును. ఉన్నిపోగు మీది పట్టీలను చూచి పశువైద్యులు గడచిన నెలల మేతను అంచనా వేయగలరు.

మానవుల చర్మమునకును, వెండ్రుకలకును, కంటిపాపకును ఈ మెలనినే ఆధారము. ఇందు నలుపుగోధుమ వన్నె గల యూమెలనిన్, ఎరుపుపసుపు వన్నె గల ఫియోమెలనిన్ అని రెండు భేదములు. ఈ సందర్భమున ప్రతివారును తప్పక తెలిసికొనవలసిన సంగతి యొకటి గలదు: నల్లనివారికిని తెల్లనివారికిని చర్మములో మెలనిన్ చేయు కణముల సంఖ్య ఇంచుమించు సమానమే. భేదము ఆ కణములు చేయు మెలనిన్ పరిమాణమునందును, దానిని మోయు కణికల సైజునందును, చుట్టుపట్ల కణములకు పంచియిచ్చు తీరునందును మాత్రమే యున్నది. తెలుపు ఒక పదార్థము గాదు. నలుపు కొలత తగ్గుటయే తెలుపు.

ఈ కొలతను నిర్ణయించు జన్యువులు పెక్కు గలవు. వానిలో ప్రసిద్ధమైనది 2005లో ఒక చిన్న చారలచేప వలన బయటపడినది. చారలు పాలిపోయి బంగారువన్నె తేలిన ఆ చేపలో చెడిన జన్యువేదో వెదకిన శాస్త్రజ్ఞులు, అది మనుష్యులయందును గలదనియు, దానిలో ఒక్క అమైనో ఆమ్లము మార్పు యూరపువాసుల లేతచర్మమునకు గణనీయమైన కారణమనియు కనుగొనిరి. ఈ జన్యువు చేయు పనియు, చిత్రముగా, మెలనిన్ తయారీ గాదు. కణములోపలి పొరపై లవణధాతువులను ఇటునటు మార్చు వాకిలికాపు పని. ఆ మార్పు మన దేశమునందును విరివిగా కలదు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రపు (సి.సి.ఎం.బి.) శాస్త్రజ్ఞులు విదేశీయ శాస్త్రజ్ఞులతో కలసి 2013లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, భారతీయులయందును యూరపువారియందును కానవచ్చు ఈ మార్పు ఒకే పూర్వికుని నుండి సంక్రమించినది. అది పుట్టి ఇరువది వేల యేండ్లకు పైబడియుండును. ఈ దేశమున ఒకే వంశమున, ఒకే యింట మార్పు గలవారును లేనివారును కలసియుందురు. ఒక్క తల్లి బిడ్డలలో ఒకతె చామనచాయగాను, ఒకతె పచ్చగాను పుట్టుటకు పెద్దవారు చెప్పు కుంకుమపువ్వు పాలు, గ్రహణములు, దిష్టి కారణములు గావు. ఇట్టి పెక్కు జన్యువుల పంపకమే కారణము. కుంకుమపువ్వులోని వర్ణద్రవ్యము క్రోసిన్, అది కెరోటినాయిడ్ సంబంధమైనది; మెలనిన్ కొలతతో దానికి ఏ సంబంధమును లేదు.

ఎండ తీక్ష్ణముగా నుండు దేశములలో మెలనిన్ హెచ్చుగా నుండుట మనుష్యజాతికి రక్ష. అతినీలలోహిత కిరణములు దేహములోని ఫోలేటును నశింపజేయును. ఫోలేటు లోపించినచో గర్భస్థ శిశువునకు హాని. ఎండ తక్కువగా నుండు దేశములలో మెలనిన్ హెచ్చైనచో డి విటమిను చాలదు. ఈ రెండు అవసరముల నడుమ మేనిచాయ స్థిరపడినదని నీనా జాబ్లోన్‌స్కీ, జార్జి చాప్లిన్ అను పండితులు 2000 సంవత్సరమున ప్రతిపాదించిరి. చింతామణి మెట్టలో మధ్యాహ్నపుటెండలో కలుపుతీయు స్త్రీ మేని నలుపు ఆమె దేహము ఆమెకు చేయు సేవ. అట్టి నలుపును పెండ్లిచూపులలో లోపముగా లెక్కించి, కట్నపు బేరమునకు సాధనముగా చేయుటకు, నలుపును పోగొట్టుదునని చెప్పి పాదరసపు లేపములను, స్టిరాయిడ్ లేపములను అంగళ్లలో అమ్ముటకు మించిన అన్యాయము మరియొకటి లేదని నా నిశ్చయము. పాదరసము టైరోసినేజును నిరోధించుట నిజమే. మూత్రపిండములను చెరుచుటయు అంతే నిజము.

దేహములో కానవచ్చు రంగులన్నియు మెలనిన్ వలననే కలుగవు. చర్మపు టెరుపు నెత్తుటిది. పాలిపోవుట రక్తహీనతకు గుర్తు, దానిని గోళ్లయందును కనురెప్పల లోపలి భాగమునందును చూచి పోల్చవచ్చును. నెత్తుటిలోని హీము విరుగగా మొదట పచ్చనిదియు, పిదప పసుపుదియు నగు ద్రవ్యములు కలుగును; దెబ్బతగిలిన చోట కమిలిన మచ్చ నీలము నుండి పచ్చకును, పసుపునకును తిరుగుటయు, పచ్చకామెర్లయందు కన్నులు పసుపెక్కుటయు వీనివలననే. బాగేపల్లి ప్రాంతమున బోరుబావుల నీటిలో ఫ్లోరైడు హెచ్చైనచోట్ల పిల్లల పండ్లపై కనబడు గోధుమవన్నె చారలు మాత్రము ఏ వర్ణద్రవ్యమును గాదు. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు గల నీరు త్రాగుచు ఎదుగు వయసులో పంటిపై ఎనామిలు సరిగా గట్టిపడక, పిదప బయటి మరకలను పీల్చుకొనుటచే అవి ఏర్పడును. తోముటచే పోవు మురికి గాదు, వంశపారంపర్యమును గాదు, నీరు మార్చవలసినదే.

మెలనిన్ లేకపోవుట యనునది రెండు తెరగులు. పుట్టుకతో టైరోసినేజు మొదలగు వానిలో లోపము కలిగినవారికి చర్మము, వెండ్రుకలు, కన్నులు మూడును వివర్ణములగును. వీరికి ఎండ నుండి రక్షణమును, కంటివైద్యమును అత్యవసరములు. రెండవది బొల్లి. ఇందు మెలనిన్ చేయు కణములను దేహరక్షణ వ్యవస్థయే పొరపాటున నశింపజేయును. దీనిని తెల్లకుష్ఠమని పిలిచి మనుష్యులను దూరముగా నుంచిన పాపము తరతరములుగా మన సమాజము మూటగట్టుకొన్నది. కుష్ఠముతో దీనికి సంబంధము లేదు. ఇది అంటురోగము గాదు. ఒకే కంచమున భుజించినను, ఒకే పడకపై నిదురించినను సోకునది గాదు. బావంచాల గింజలు దీనికి మందని మన పూర్వులు గ్రహించిరి; ఆ గింజలలోని సోరాలెన్లు చర్మమును వెలుగునకు స్పందింపజేయునని తెలిసిన పిదప, ఆధునిక వైద్యమును వానిని అతినీలలోహిత కాంతితో కలిపి ప్రయోగించినది. కాని కొలత తెలియక గింజలను నూరి పూసికొని ఎండలో నిలుచున్నచో చర్మము కాలి బొబ్బలెక్కును. వైద్యుని పర్యవేక్షణము లేక చేయరాదు.

చికిత్స ఫలించినపుడు మచ్చయందు రంగు ఒక్కసారిగా పరచుకొనదు. వెండ్రుక మొదళ్ల చుట్టును చిన్న చిన్న గోధుమ చుక్కలుగా మొలచి, క్రమముగా విస్తరించి ఒకదానితో నొకటి కలియును. ఏలయన వెండ్రుక వేరులో మెలనిన్ కణములకు మూలకణములు మిగిలియుండి, అచ్చటి నుండియే చర్మమునకు పునఃప్రయాణము చేయును. వెండ్రుకలు లేని వ్రేళ్ల కొనలయందును, పెదవులయందును, వెండ్రుకలు సయితము తెల్లబడిన మచ్చలయందును రంగు తిరిగి వచ్చుట కష్టము. కావున వెండ్రుకలు నల్లగా నుండగనే, మచ్చ చిన్నదిగా నుండగనే, చర్మవైద్యుని కడకు బోవుట మేలు.